దీవిలో విరిగిన తుంటి: మొదటి ఫోన్ నుంచి చివరి బిల్లు దాకా ఒక ట్రావెల్ ఇన్సూరెన్స్ కేసు

ముందు కేసు క్లుప్తంగా. రోగి 67 ఏళ్ల రిటైర్డ్ ఉపాధ్యాయుడు. భార్యతో కలిసి 15 రోజుల విహారయాత్రకు విదేశం వెళ్లారు. ఆరో రోజు సాయంత్రం వాన వెలిసిన కాసేపటికి, బస చేసిన చోట తడి మెట్ల మీద పడ్డారు. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగి, ముక్క పక్కకు జరిగింది. బీపీ ఉంది. గుండె లయ తప్పే జబ్బు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, కొన్నేళ్లుగా ఉంది. దానికోసం రక్తం పలచబడే అపిక్సబాన్ మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటున్నారు. పడిన చోటు ఒక చిన్న దీవి. అక్కడ ఎక్స్‌రే తీయగల క్లినిక్ ఉంది గానీ ఎముకల సర్జన్ లేరు.

విదేశాల్లో జబ్బుపడ్డ, దెబ్బలు తగిలిన ప్రయాణికుల కేసులు నడిపే అసిస్టెన్స్ డెస్క్‌లో నేను కేస్ మేనేజర్‌ని. ఇన్సూరెన్స్ కంపెనీకీ, ఆసుపత్రికీ, రోగి ఇంటివాళ్లకూ మధ్య నిలబడి పని జరిపించడం మా ఉద్యోగం. కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. దేశాల పేర్లు కావాలనే రాయలేదు. ఇందులో జరిగింది ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్లిన మనిషికైనా జరగవచ్చు.

దేశం దాటేటప్పుడు విడిగా హెల్త్ ఇన్సూరెన్స్ ఎందుకని అడిగేవాళ్లలో చాలామంది దాన్ని ఖర్చుపెట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకునే కాగితంగా చూస్తారు. డబ్బు సంగతి నిజమే. కానీ పరాయి దేశంలో మంచాన పడ్డ మనిషికి అంతకంటే ముందు కావలసింది ఒకటుంది. ఈయనకు వైద్యం మొదలుపెట్టండి, బిల్లు పూచీ మాది అని ఆసుపత్రికి మాట ఇచ్చేవాళ్లు కావాలి. ఈ కేసులో ప్రతి మలుపులోనూ ఆ మాటకే పని పడింది.

మొదటి ఫోన్

ఫోన్ చేసింది ఆయన భార్య. పాలసీ నంబరు ఆమె దగ్గర లేదు. అది భర్త ఫోన్‌లో ఉంది, పడినప్పుడు ఆ ఫోన్ స్క్రీన్ పగిలిపోయింది. మా హెల్ప్‌లైన్ నంబరు మాత్రం పాస్‌పోర్టు కవర్‌లో పెట్టిన చీటీ మీద ఉంది. కొడుకు రాసి పెట్టాడట. ఆ చీటీ లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో నేను చెప్పలేను.

"బాబూ, కాలు కదపనివ్వడం లేదు. ఇక్కడ డాక్టరు ఏం చెబుతున్నాడో నాకు సగమే అర్థమవుతోంది. డబ్బు కట్టమంటారేమో" అని ఒకే ఊపిరిలో చెప్పారు.

"అమ్మా, డబ్బు సంగతి తర్వాత. ముందు మీరు ఆయన పాదం చూసి చెప్పండి. వేళ్లు కదుపుతున్నారా? పాదం వెచ్చగా ఉందా, చల్లబడిందా?"

వేళ్లు కదులుతున్నాయి, పాదం వెచ్చగానే ఉంది, కానీ ఎడమ కాలు పొట్టిగా అయినట్టుంది, పాదం బయటికి తిరిగిపోయింది అన్నారు. తుంటి విరిగితే సాధారణంగా కనిపించే తీరే అది. చెప్పిన తీరుకు ఆమెను మెచ్చుకోవాలి. ఎక్స్‌రే రిపోర్టు అందకముందే మా డాక్టరు సగం నిర్ణయానికి రాగలిగారు.

ఆ ఫోన్‌లోనే తీసుకున్నవి పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, క్లినిక్ పేరు, డాక్టరు పేరు. పాస్‌పోర్టు నంబరుతో పాలసీ దొరికింది. వెంటనే ఒక అనుమతి పత్రం పంపి, ఆయనతో సంతకం చేయించి ఫొటో తీసి పంపమన్నాను. చాలామందికి ఇది ఎందుకో తెలియదు. రోగి ఒప్పుకోకపోతే వైద్య వివరాలు మాకు చెప్పే హక్కు సాధారణంగా ఆసుపత్రికి ఉండదు. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ లాంటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు దీన్ని ఇంకా గట్టి చేశాయి. స్పృహలో ఉన్నప్పుడే ఆ సంతకం తీసుకుంటే తర్వాత గంటలకు గంటలు మిగులుతాయి. నొప్పితో వణుకుతున్న చేత్తో ఆయన పెట్టిన సంతకం గీతలా ఉంది. అయినా చెల్లుతుంది.

దీవి నుంచి అవతలి ఒడ్డుకు

కుటుంబం హెలికాప్టర్ అడిగింది. కొడుకు స్వదేశం నుంచి ఫోన్ చేసి, "సార్, పాలసీలో ఎవాక్యుయేషన్ ఉంది కదా, ఇప్పుడే పంపండి" అన్నాడు. ఆ ఆత్రుత సహజమే. మా డాక్టరు క్లినిక్ డాక్టరుతో మాట్లాడి వద్దన్నారు. పాదంలో నాడి బాగుంది, చర్మం చిట్లలేదు, నొప్పి ఇంజెక్షన్‌కు లొంగింది. పైగా ఆ రాత్రి గాలివాన. వాతావరణం బాగాలేనప్పుడు నీటి మీద రాత్రిపూట హెలికాప్టర్ ఎగరడం విరిగిన తుంటి కంటే పెద్ద ప్రమాదం. పొద్దున మొదటి ఫెర్రీలో అంబులెన్స్‌ను ఎక్కించి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద ఆసుపత్రికి చేర్చాలని నిర్ణయించారు. క్లినిక్‌లో రాత్రంతా కనిపెట్టుకుని ఉండడానికి నర్సును ఏర్పాటు చేశాం.

ఎవాక్యుయేషన్ అనే మాట చూసి జనం సొంతూరికి తీసుకెళ్లడం అనుకుంటారు. పాలసీల్లో దాని అర్థం ఎక్కువగా ఇదే. ఉన్నచోట సరైన వైద్యం లేకపోతే, అది దొరికే దగ్గరి ఆసుపత్రికి చేర్చడం. ఇంటికి చేర్చడాన్ని రీపాట్రియేషన్ అంటారు, దాని షరతులు వేరు. పాలసీ కొనేటప్పుడు రెండూ ఉన్నాయో లేదో విడివిడిగా చూసుకోవాలి.

స్వదేశంలోని పాలసీ సరిహద్దు దాటదు

ఆ రాత్రే కొడుకు ఇంకో మాట అడిగాడు. నాన్నగారికి స్వదేశంలో పెద్ద మొత్తానికి హెల్త్ పాలసీ ఉంది, అది కూడా వాడవచ్చు కదా అని. ఆ పాలసీ కాపీ తెప్పించుకుని చదివాను. మొదటి పేజీలోనే భౌగోళిక పరిమితి అన్న శీర్షిక కింద, స్వదేశంలో చేసిన వైద్యానికి మాత్రమే అని ఉంది. క్రెడిట్ కార్డుతో వచ్చిన ఉచిత బీమా ఉందన్నాడు. అందులో ఉన్నది విమాన ప్రమాదంలో మరణిస్తే ఇచ్చే మొత్తం. ఆసుపత్రి ఖర్చు ఊసే లేదు.

ఇది ఈ కుటుంబానికే ఎదురైన సంగతి కాదు. ప్రభుత్వాలు తమ పౌరులకు ఇచ్చే ఆరోగ్య రక్షణకు కూడా హద్దు ఉంటుంది. అమెరికాలో వృద్ధులకు ఉండే మెడికేర్, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, దేశం బయట చేయించుకున్న వైద్యానికి డబ్బు ఇవ్వదు. బ్రిటన్ పౌరులు యూరప్ వెళ్లేటప్పుడు తీసుకెళ్లే జీహెచ్ఐసీ కార్డుతో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది, కానీ ప్రైవేటు ఆసుపత్రికీ, రోగిని తిరిగి ఇంటికి చేర్చడానికీ అది పనికిరాదు. ఇటువైపు చూస్తే, వెళ్లిన దేశంలో ప్రభుత్వ వైద్యం ఉచితం కదా అన్న ధీమా ఇంకొకటి. ఆ ఉచితం అక్కడ నివసించేవాళ్లకు. ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్, ఉచిత వైద్యానికి అర్హత లేని విదేశీ సందర్శకులను ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు రేటు మీద 150 శాతం వసూలు చేస్తుంది. అమెరికాలో 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం డబ్బుతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, పరిస్థితి నిలకడకు తేవాలి. ప్రాణానికి అది గొప్ప రక్షణే. కానీ బిల్లు మాత్రం తర్వాత వస్తుంది.

ఎంబసీ చూసుకుంటుంది అనుకునేవాళ్లూ ఉన్నారు. కాన్సులేట్ వాళ్లు ఇంటివాళ్లకు కబురు చేస్తారు, డాక్టర్ల జాబితా ఇస్తారు, పాస్‌పోర్టు పోతే సాయం చేస్తారు. ఆసుపత్రి బిల్లు కట్టడం సాధారణంగా వాళ్ల పని కాదు.

కొన్ని దేశాలు ఇన్సూరెన్స్ లేనిదే రానివ్వవు. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న పాలసీ చూపాలి. అది షెంగెన్ దేశాలన్నింటిలో, ఉండే రోజులన్నింటికీ చెల్లాలి. అత్యవసర వైద్యం, ఆసుపత్రి చికిత్స, వైద్య కారణాలతో తిరిగి పంపడం, మరణం, ఇవన్నీ అందులో ఉండాలని 2009 నాటి వీసా కోడ్ చెబుతుంది. క్యూబా 2010 నుంచి సందర్శకులకు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. వీసా అధికారి అడిగే కనీస మొత్తం ఆ దేశం తన ఆసుపత్రుల బాకీ గురించి ఆలోచించి పెట్టుకున్న హద్దు. మీ వయసు, మీ జబ్బులు, మీ ఇల్లు అక్కడికి ఎంత దూరం, ఇవేవీ అందులో లెక్కకు రావు. ఐసీయూలో కొన్ని రోజులు, ఆపైన ఎయిర్ అంబులెన్స్ అంటే ఆ మొత్తం చాలకపోవచ్చు. వీసా కోసమని అన్నిటికంటే చవక పాలసీ తీసుకుని, తర్వాత దాన్ని చదవని కుటుంబాలతోనే నా పనిలో ఎక్కువ కష్టమైన సంభాషణలు జరుగుతాయి.

ఒక ప్రశ్నార్థకం

అవతలి ఒడ్డున ఉన్నది ప్రైవేటు ఆసుపత్రి. అంబులెన్స్ చేరకముందే వాళ్ల అంతర్జాతీయ రోగుల విభాగం నుంచి మెయిల్ వచ్చింది. గ్యారంటీ లెటర్ గానీ, అంటే బిల్లు మేం కడతామని రాసిచ్చే పత్రం గానీ, అడ్వాన్స్ డిపాజిట్ గానీ లేనిదే ఆపరేషన్ తేదీ ఇవ్వలేమన్నారు. కొడుకు డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ అది వారాంతం. అంత పెద్ద మొత్తం బ్యాంకు ద్వారా దేశం దాటాలంటే పనిదినాలు కావాలి, తుంటి విరిగిన మనిషికి అంత గడువు లేదు. ఇలాంటి ఆపరేషన్ 36 నుంచి 48 గంటల్లో జరగడం మంచిదని వైద్యుల లెక్క. మంచంలో కదలకుండా గడిచే ప్రతి రోజూ న్యుమోనియా, ఒత్తిడి పుండ్లు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలను పెంచుతుంది.

ముందు పరీక్షలకు, అడ్మిషన్‌కు సరిపడా పరిమిత గ్యారంటీ లెటర్ ఇచ్చాం. ఇది మామూలు పద్ధతే. పూర్తి గ్యారంటీకి ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోవాలి, అక్కడ పని ఆగింది.

ఆగడానికి కారణం దీవి క్లినిక్‌లో నర్సు రాసిన చేతిరాత కాగితం. పేషెంటు మెట్ల కింద పడి ఉండగా కనిపించాడు అని రాసి, ఆ పక్కనే, స్పృహ తప్పిందా అని రాసి ఒక ప్రశ్నార్థకం పెట్టింది. నర్సు తప్పేమీ లేదు, తెలియనిదాన్ని తెలియదనే రాసింది. కానీ ఆ గుర్తుతో కేసు రెండు దారులుగా చీలింది. తడి మెట్టు మీద కాలు జారి పడితే అది ప్రమాదం. గుండె లయ తప్పి కళ్లు తిరిగి పడితే, మూలం ముందే ఉన్న జబ్బు. ముందే ఉన్న జబ్బుల వల్ల వచ్చే ఖర్చును చాలా పాలసీలు అసలు ఇవ్వవు, లేదా ప్రాణాపాయం తప్పేవరకే ఇస్తాయి. కంపెనీ మూడు అడిగింది. పడేముందు మద్యం తీసుకున్నారా, తల తిరిగిందా, కొన్నేళ్ల వైద్య చరిత్ర ఏమిటి.

ఈ ప్రశ్నలు విన్నప్పుడు కుటుంబాలకు కోపం వస్తుంది. మనిషి నొప్పితో పడి ఉంటే ఇదేం విచారణ అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా తప్పించుకునే దారి లేదు కాబట్టి, సమాధానాలు త్వరగా, కాగితాలతో సహా ఇవ్వడమే రోగికి మేలు. రోగి భార్యతో మళ్లీ మాట్లాడాను.

"అమ్మా, మీరు అప్పుడు ఎక్కడున్నారు?"

"వెనకే ఉన్నాను బాబూ, రెండు మెట్లు పైన. చెప్పు జారింది. పడుతూ పడుతూ రెయిలింగ్ పట్టుకోబోయారు. పడ్డాక నన్నే ముందు అడిగారు, నీకేం కాలేదు కదా అని."

పడుతూ చెయ్యి చాచిన మనిషికి, పడగానే మాట్లాడిన మనిషికి స్పృహ తప్పలేదు. అదే మాట ఆమె చేత రాయించి సంతకం తీసుకున్నాం. క్లినిక్‌లో తీసిన ఈసీజీ తెప్పించాం. లయ సక్రమంగా లేదు, అది ఆయనకు పాతదే. గుండె వేగం మాత్రం అదుపులో ఉంది. తలకు దెబ్బ లేదు. స్వదేశంలోని డాక్టరు దగ్గర్నుంచి కొడుకు అర్ధరాత్రి మేల్కొని పాత రిపోర్టులన్నీ తెప్పించాడు.

ఇవన్నీ పంపాం. కానీ కేసును నిజంగా గట్టెక్కించింది వేరే. పాలసీ దరఖాస్తులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని, వేసుకునే మందు పేరుతో సహా రాసి ఉంది. ఎక్కువ ప్రీమియం కట్టి ఆ జబ్బును కూడా కవరేజీలోకి తెచ్చుకున్నారు. అంటే కళ్లు తిరిగే పడ్డారని తేలినా పాలసీ నిలబడుతుంది. ఆ సంగతి చూపించిన తర్వాత కంపెనీ మరి సాగదీయలేదు. పూర్తి గ్యారంటీ లెటర్ ఆ సాయంత్రమే ఆసుపత్రికి చేరింది.

తర్వాత కొడుకు చెప్పాడు. ఆన్‌లైన్‌లో ఫారం నింపుతూ జబ్బులేమైనా ఉన్నాయా అన్నచోట లేవు అని నొక్కబోయాడట, ప్రీమియం తగ్గుతుందని. తండ్రి పక్కనే కూర్చుని ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. లేవు అని నొక్కి ఉంటే, తుంటితో సంబంధం ఉన్నా లేకపోయినా, మొత్తం పాలసీనే రద్దు చేస్తామనే అవకాశం కంపెనీకి దొరికేది. రక్తం పలచబడే మందు ప్రతి డిశ్చార్జ్ సమ్మరీలోనూ కనిపిస్తుంది, దాచడం కుదరదు. దాచిన జబ్బు బయటపడేది ఎప్పుడూ ఆసుపత్రిలోనే, అదీ అన్నిటికంటే చెడ్డ సమయంలో.

అందుకే పాలసీ కొనేవాళ్లు నన్ను అడిగితే మొత్తం ఎంత అన్నదానికంటే ముందు జబ్బుల పేజీ చూడమంటాను. ఆ తర్వాత వయసు పరిమితులు. కొన్ని పాలసీల్లో 60 ఏళ్లు దాటినవాళ్లకు గది అద్దెకు, సర్జన్ ఫీజుకు, ఐసీయూకు విడివిడిగా సబ్ లిమిట్లు ఉంటాయి. పైన పెద్ద మొత్తం కనిపిస్తుంది, లోపల ఆపరేషన్‌కు ఇచ్చేది అందులో చిన్న వాటా. ట్రెక్కింగ్, డైవింగ్, స్కీయింగ్, మోటార్‌సైకిల్ నడపడం లాంటివి ఉంటే అవి ఉన్నాయో లేదో, ఎంత ఎత్తు వరకు, ఎంత లోతు వరకు ఉన్నాయో చూడాలి. హెల్ప్‌లైన్ 24 గంటలూ పలుకుతుందో లేదో కొన్న రోజే ఒకసారి ఫోన్ చేసి చూసుకుంటే ఇంకా మంచిది.

ఆపరేషన్

అపిక్సబాన్ చివరి మాత్ర పడిన రోజు పొద్దున వేసుకున్నారు. ఆ మందు ప్రభావం తగ్గడానికి, కిడ్నీల పనితీరును బట్టి, ఒకటి రెండు రోజులు ఆగాలి. అంటే గ్యారంటీ కోసం జరిగిన జాప్యం, మందు కోసం ఎలాగూ ఆగాల్సిన సమయంలోనే కలిసిపోయింది. కాస్త అదృష్టం కూడా ఉంది ఈ కేసులో. వెన్నులో మత్తు ఇస్తే వెన్నెముక లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని జనరల్ అనస్థీషియా ఎంచుకున్నారు. ఎముక ముక్క జరిగిపోయింది కాబట్టి, ఆ వయసుకు స్క్రూలు వేసి అతికించడం కంటే కృత్రిమ తుంటి పెట్టడమే మేలని సర్జన్ చెప్పారు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్, పేషెంటు, మా దుబాసీ ముగ్గురూ ఒకే ఫోన్ లైన్‌లోకి వచ్చారు. సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, ఏ కాలికి ఆపరేషన్ అని. రోగి నోటితోనే చెప్పించుకుని, ఎడమ తొడ మీద పెన్నుతో గుర్తు పెట్టారు. మత్తు వల్ల వచ్చే ప్రమాదాలు, రక్తం ఎక్కించాల్సి రావచ్చన్న సంగతి, అన్నీ ఆయన భాషలో విని సంతకం పెట్టారు. భాష రాని చోట ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుస్తుంది. దుబాసీ సేవ మా పాలసీ సేవల్లో భాగం. దాన్ని ఎవరూ బ్రోచర్‌లో చదవరు, కానీ ఈ కుటుంబం చివర్లో ఎక్కువగా తలచుకున్నది దాన్నే.

ఆపరేషన్ సజావుగా జరిగింది. మర్నాడే వాకర్‌తో లేపి నిలబెట్టారు. హిమోగ్లోబిన్ 8 కంటే కిందికి పడితే ఒక యూనిట్ రక్తం ఎక్కించారు.

గడువు ముగిసిన రోజు

పాలసీ 15 రోజులది. యాత్ర ముగియాల్సిన రోజుకు ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్న వ్యక్తికి గడువు దానంతటదే కొన్నాళ్లు పెరిగే నిబంధన ఈ పాలసీలో ఉంది. ఆయన పాలసీ సరే, మరి భార్య పాలసీ? ఆమెకు ఏ జబ్బూ లేదు, ఆసుపత్రిలో లేదు, కాబట్టి ఆ నిబంధన వర్తించదు. గడువు దాటితే పరాయి దేశంలో ఆమె బీమా లేకుండా ఉన్నట్టే. అప్పటికే సరిగా నిద్రలేదు, తిండి లేదు, పొద్దస్తమానం ఆసుపత్రి కుర్చీలో కూర్చుంటున్నారు. గడువు ముగియడానికి ముందే పొడిగింపు దరఖాస్తు పెట్టించాం. ముగిశాక అయితే చాలా కంపెనీలు ఒప్పుకోవు. వీసా గడువు కూడా దగ్గర పడింది. సర్జన్ సర్టిఫికెట్‌తో అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇద్దరికీ కొద్ది రోజులు అనుమతి తీసుకున్నాం.

తోడున్నవాళ్ల గురించి కుటుంబాలు ఆలోచించవు. పడ్డవాళ్ల మీదే దృష్టి అంతా ఉంటుంది.

విమానం ఎక్కించడం

డిశ్చార్జ్‌కు రెడీ అనడం, ప్రయాణానికి రెడీ అనడం ఒకటి కాదు. ఇటీవల పెద్ద ఆపరేషన్ అయిన ప్రయాణికుడికి ఎయిర్‌లైన్ వైద్య విభాగం అనుమతి కావాలి. అందుకు మెడిఫ్ అనే ఫారం ఉంది. ఆపరేషన్ తేదీ, హిమోగ్లోబిన్, ఆక్సిజన్ శాతం, సొంతంగా కూర్చోగలరా, టాయిలెట్‌కు వెళ్లగలరా, తోడు ఎవరు, ఇవన్నీ చికిత్స చేసిన డాక్టరు రాసి ఇవ్వాలి. హిమోగ్లోబిన్ అడగడానికి కారణముంది. విమానం ఎగురుతున్నప్పుడు లోపలి గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. ఆరోగ్యవంతులకు కూడా రక్తంలో ఆక్సిజన్ కొంచెం తగ్గుతుంది. రక్తం తక్కువగా ఉండి, గుండె జబ్బు కూడా ఉన్న మనిషికి అది భారమే. మా డాక్టరు హిమోగ్లోబిన్ 9 దాటేవరకు ఆగమన్నారు. దాటింది.

ఏ పద్ధతిలో తీసుకురావాలి అన్నదాని మీద కంపెనీతో పెద్ద చర్చే నడిచింది. ఎయిర్ అంబులెన్స్ అవసరం లేదు, ఆయన పరిస్థితి నిలకడగా ఉంది. స్ట్రెచర్ పెట్టాలంటే మామూలు విమానంలో అనేక సీట్లు మడిచి, వాటి మీద బిగించాలి. అన్ని విమానాల్లో కుదరదు, ముందుగా చెప్పాలి, తోడుగా వైద్య సిబ్బంది ఉండాలి. ఎకానమీ సీటులో కూర్చోగలరు కదా అని కంపెనీ క్లెయిమ్స్ విభాగం అడిగింది. ఇక్కడ నేను పట్టుబట్టాను. కృత్రిమ తుంటి పెట్టిన తీరును బట్టి, మొదటి వారాల్లో తుంటిని 90 డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదని సర్జన్ రాసి ఇచ్చారు. వంచితే కీలు జారిపోవచ్చు. ఎకానమీ సీటు పల్లంగా ఉంటుంది, మోకాళ్ల ముందు చోటుండదు, అందులోంచి లేవాలంటే ముందుకు బాగా వంగాలి. చాలా గంటల ప్రయాణం అది. బిజినెస్ క్లాస్‌లో పడుకునే సీటు ఈయనకు సౌకర్యం కోసం అడగలేదు, కీలు జారకుండా ఉండడానికి అడిగాం. సర్జన్ రాసిన వాక్యం, మా డాక్టరు నోట్ జతచేసి పంపాక ఒప్పుకున్నారు. ఆయన పక్కన నర్సు, భార్యకు మామూలు సీటు.

వీల్‌చైర్ అడిగేటప్పుడు కూడా తేడా తెలియాలి. విమానాశ్రయంలో నడవలేకపోయినా మెట్లు ఎక్కగలిగేవాళ్లకు ఒక కోడ్, మెట్లు ఎక్కలేనివాళ్లకు ఒకటి, సీటు దాకా తీసుకెళ్లాల్సినవాళ్లకు ఇంకొకటి. చివరిది డబ్ల్యూసీహెచ్‌సీ. మామూలు వీల్‌చైర్ అని టికెట్‌లో పెట్టిస్తే మెట్ల దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. ఈయనకు డబ్ల్యూసీహెచ్‌సీ పెట్టించి, రెండు చివర్లా అంబులెన్స్ బుక్ చేశాం. రక్తం పలచబడే మాత్ర మళ్లీ మొదలైంది, గడ్డకట్టే ప్రమాదానికి అదే రక్షణ. నర్సు ప్రతి గంటకూ కాలి పిక్క, ఆక్సిజన్ చూసి రాసిన చార్ట్ ఫైల్లో ఉంది. ఆక్సిజన్ ఒకసారి 91 శాతానికి దిగింది, కాసేపు ఆక్సిజన్ పెడితే సర్దుకుంది. ముందే ఎయిర్‌లైన్‌కు చెప్పి ఆక్సిజన్ ఏర్పాటు చేయించుకున్నాం కాబట్టి విమానంలో కంగారు లేకపోయింది.

లెక్కలు

ఆసుపత్రి బిల్లు, ఫెర్రీ అంబులెన్స్, నర్సు, టికెట్లు, వీటన్నింటికీ చెల్లింపు నేరుగా మా వైపు నుంచి వెళ్లింది. కుటుంబం చేతిలోంచి ఆ డబ్బు పోలేదు. డిడక్టిబుల్, అంటే పాలసీ ప్రకారం ఖర్చులో మొదట పాలసీదారే భరించాల్సిన భాగం, మాత్రం వాళ్లే కట్టారు. భార్య హోటల్ ఖర్చు పాలసీలో ఉన్న రోజువారీ హద్దు మేరకు వచ్చింది. హోటల్ ఆసుపత్రి దగ్గర కావాలి కాబట్టి నిజమైన ఖర్చు అంతకంటే ఎక్కువైంది, మిగతాది వాళ్లదే. వాడుకోని యాత్ర రోజులకు ట్రిప్ కర్టైల్‌మెంట్ అనే విడి విభాగం కింద టూర్ రసీదులతో క్లెయిమ్ పెట్టారు. టూర్ సంస్థ తిరిగి ఇచ్చింది తీసేసి మిగతాది వచ్చింది. పగిలిన ఫోన్‌కు రాలేదు, సామాను విభాగంలో మొబైల్ ఫోన్లు మినహాయింపు.

ఒక విషయంలో కుటుంబం అసంతృప్తిగానే మిగిలింది, న్యాయంగానే అనిపిస్తుంది నాకు. ఇంటికి చేరాక చేయించుకున్న ఫిజియోథెరపీకి ఎవరూ డబ్బు ఇవ్వలేదు. ట్రావెల్ పాలసీ స్వదేశంలో అడుగుపెట్టగానే ముగుస్తుంది. స్వదేశంలోని హెల్త్ పాలసీలో ఆసుపత్రి తర్వాతి ఖర్చులకు చోటు ఉంది గానీ, ఆ పాలసీ ఒప్పుకున్న అడ్మిషన్‌కు కొనసాగింపుగా ఉంటేనే. విదేశంలో జరిగిన అడ్మిషన్ దాని లెక్కలోకి రాదు. రెండు పాలసీల మధ్య ఉన్న ఈ ఖాళీ చాలామందికి తెలియదు. తిరిగి వచ్చాక కొన్ని వారాల చికిత్సకు కూడా డబ్బు ఇచ్చే ట్రావెల్ పాలసీలు ఉన్నాయి, ప్రీమియం కాస్త ఎక్కువ. కీళ్లు, ఎముకలు బలహీనమైన వయసువాళ్లు అది అడిగి తీసుకోవడం మంచిది.

ఫిజియోథెరపీ సొంత డబ్బుతో పూర్తిచేశారు. ఆసుపత్రి నుంచి చివరి సవరణ బిల్లు ఆలస్యంగా వచ్చింది. వాడని మందులకు, రద్దైన ఒక స్కాన్‌కు వేసిన మొత్తాలు మా ఆడిట్ వాళ్లు తీయించారు. ఆ సవరించిన బిల్లు చెల్లించాక ఫైలు మూసేశాం.